డైమండ్ రాక్: కొండపై ఫిరంగులా, మరో ఫ్రిగేటా?

1804 జనవరిలో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న కరీబియన్ దీవి మార్టినిక్‌ను దిగ్బంధించడానికి వచ్చిన బ్రిటిష్ కమొడోర్ శామ్యూల్ హుడ్, ఫోర్ట్ రాయల్, సెయింట్ పియర్ రేవులు రెండింటినీ ఒకేసారి కనిపెట్టి ఉండవలసి వచ్చింది. అందుకు చాలినన్ని నౌకలు ఆయన వద్ద లేవు. దక్షిణ తీరానికి సుమారు 2 కిలోమీటర్ల దూరాన, సముద్రంలోంచి నిటారుగా 175 మీటర్లు లేచిన డైమండ్ రాక్ అనే శిలను ఆయన కోటగా మార్చాడు. నౌకాదళం దాన్ని ఏకంగా ఒక యుద్ధనౌకగా లెక్కలోకి ఎక్కించి, లెఫ్టినెంట్ జేమ్స్ విల్క్స్ మారిస్‌ను అధిపతిగా నియమించింది. అదే చోట ఒక ఫ్రిగేట్, అంటే వేగంగా సాగే మధ్యస్థ యుద్ధనౌక, ఉండి ఉంటే మేలయ్యేదా?

ఫ్రిగేట్‌కున్న గొప్ప బలం కదలిక. పారిపోయే ఓడను అది తరిమి పట్టుకోగలదు, తనను మించిన శత్రువు ఎదురైతే తప్పుకోగలదు. అయితే దానికి రెండు వందలకు పైగా మనుషులు కావాలి, గాలికీ ప్రవాహానికీ ఎదురీదుతూ ఉన్నచోటే ఉండాలి, మరమ్మతులకు కావలి విడిచిపోవాలి.

శిల మీద దాదాపు 120 మంది సరిపోయారు. హుడ్ నౌక సెంటార్‌ను కొండ దగ్గరకు చేర్చి, దాని నుంచి శిఖరానికి లావుపాటి మోకు బిగించి, ఆ మోకుకు వేలాడదీసిన ఫిరంగిని నావికులు అంగుళం అంగుళంగా పైకి లాగారు. 18 పౌండ్ల గుండ్లు పేల్చే రెండు ఫిరంగులు శిఖరానికి చేరాయి. 24 పౌండ్లవి మూడు కింది భాగాల్లో నిలిచాయి. ఆ ఎత్తు నుంచి దిగంతం సుమారు 47 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. ఏ ఓడ తెరచాపకొయ్య పైనుంచీ అంత దూరం కనిపించదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, శిలకూ తీరానికీ మధ్య దారి మూసుకుపోవడం. ఫిరంగులకు జడిసి బయటి వైపు చుట్టి వచ్చిన ఓడలు గాలికీ ప్రవాహానికీ కొట్టుకుపోయి, ఫోర్ట్ రాయల్ అఖాతాన్ని అందుకోలేక అవస్థపడేవి. ఈ పనిలో ఒక్క ఫ్రిగేట్ దీనికి సాటి రాదని నా నమ్మకం.

నీరు, మందుగుండు మాత్రం బయటి నుంచే రావాలి. 1805 మే చివర ఫ్రెంచ్ అడ్మిరల్ విల్నవ్ నౌకాదళం నుంచి కొస్మావో నాయకత్వంలో ఓడలు, పదాతి దళాలు వచ్చి పడినప్పుడు, మారిస్ కింది ఫిరంగులను వదిలి పైకి చేరి పోరాడాడు. ఆయన వైపు చనిపోయింది ఇద్దరే. అయినా నీటితొట్టి బీటవారి, మందుగుండు అడుగంటడంతో జూన్ 2న లొంగిపోక తప్పలేదు. ఫ్రిగేట్ అయితే ఆ దండును చూసిన వెంటనే తప్పుకుని, కబురు కూడా మోసుకుపోయేది.

కాబట్టి చుట్టుపక్కల సముద్రం బ్రిటిష్‌వారి చేతిలో ఉన్నంతకాలం నా ఓటు శిలకే. పెద్ద నౌకాదళం వచ్చే అవకాశం ఉంటే ఫ్రిగేట్‌కు. ఓడను పోగొట్టుకున్న అధికారికి జరిపినట్టే మారిస్‌కూ కోర్టు మార్షల్ జరిపి, గౌరవంగా నిర్దోషిగా విడిచిపెట్టారు. ఆయనే తరువాత డెన్మార్క్ సమీపంలోని ఆన్‌హోల్ట్ దీవికి గవర్నరై, 1811 మార్చి 27న తన దళానికి రెండింతలకు మించి వచ్చిన డేన్‌లను తిప్పికొట్టాడు. అక్కడ కోట గోడలకు తోడుగా టార్టర్, షెల్‌డ్రేక్ అనే బ్రిటిష్ నౌకలు సాయానికి అందివచ్చాయి.