సుంబాలో ఉండండి, తిరగండి, నేల మాత్రం కొనకండి

ఇండోనేషియాలోని సుంబా దీవి గురించి అడుగుతూ నాకు ఫోన్లు చేసేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. బాలిలో స్థలాల ధరలు విని గుండె జారినవారికి ఏజెంట్లు చూపిస్తున్న తరువాతి దీవి ఇదే. "ముప్పై ఏళ్ల కిందట బాలి కూడా ఇలాగే ఉండేది" అంటూ బేరం మొదలుపెడతారు. అది వట్టి మాట. బాలిలో ఉన్నది అగ్నిపర్వతాల సారవంతమైన మట్టి, కాలువల కింద వరి. సుంబాలో అగ్నిపర్వతమే లేదు. సున్నపురాయి గుట్టలు, గడ్డి మైదానాలు, ఎండలు ముదిరితే అడుగంటే బావులు, ఎటు చూసినా గుర్రాలు, గేదెలు. ఇది ఎప్పటికీ మరో బాలి కాదు. కానక్కరలేదు కూడా.

నేనుండేది దీవి పడమటి కొసన, కోడి అనే ప్రాంతంలోని ఒక తీరపు పల్లెలో. నన్ను ఇక్కడికి తెచ్చినవి జీడిపిక్కలు. మాది పలాస. మన వైపు పిక్క పంట వేసవితో సరి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఈ తోటల్లో సెప్టెంబరు నుంచి రాలడం మొదలవుతుంది. అందుకే మన దేశపు ఫ్యాక్టరీలూ వియత్నాం ఫ్యాక్టరీలూ ఇండోనేషియా పిక్కలు తెప్పించుకుంటాయి. సరుకు చూసి కొనే ఉద్యోగం మీద వచ్చిన నేను, సీజను ముగిసినా తిరిగి వెళ్లలేదు. అద్దె ఇల్లు తీసుకుని ఉండిపోయాను.

ముందు రోజువారీ బతుకు సంగతి. నా ఇల్లు సిమెంటు ఇటుకలతో కట్టింది, పైన రేకులు. ఊరి పాత ఇళ్ల తీరు వేరు. కింద పందులూ కోళ్లూ, పైన వెదురు నేల, మధ్యలో పొయ్యి, పొయ్యి చుట్టూ నాలుగు స్తంభాలు, వాటి మీద నిటారుగా లేచిన గడ్డి కప్పు. ఆ కప్పు లోపలి భాగం పూర్వీకులది. వంశపు సొత్తు అక్కడే ఉంటుంది. అలాంటి ఇల్లు అద్దెకు ఇస్తారా అని మాత్రం అడగకండి. కరెంటు ఉంది కానీ పోతూ వస్తూ ఉంటుంది. 2025 కల్లా దీవి మొత్తాన్ని పునరుత్పాదక విద్యుత్తుతోనే నడపాలని 2010 ప్రాంతంలో ఒక పెద్ద సంకల్పం చేశారు. ఆ గడువు దాటిపోయింది, డీజిల్ జనరేటర్లు మోగుతూనే ఉన్నాయి. ఎండాకాలం చివర నీళ్లు ట్యాంకరుతో కొనుక్కోవాలి. మా ఊళ్లో టెల్కోమ్‌సెల్ సిమ్ తప్ప మరొకటి పలకదు. ఇండియా నుంచి తెచ్చిన ఫోనును కస్టమ్స్‌లో నమోదు చేయించకుండా స్థానిక సిమ్ వేసి వాడితే కొంతకాలానికి నెట్‌వర్క్ ఆగిపోతుంది. ఎక్కువ కాలం ఉండాలనుకునేవారు విమానాశ్రయంలోనే ఆ పని ముగించుకోవడం మేలు.

తిండి విషయంలో నాకు ఇబ్బంది లేదు. అన్నం, మొక్కజొన్న కలిపిన అన్నం, అప్పుడే పట్టిన చేప, బొప్పాయి ఆకూ పువ్వూ కలిపి చేసే చేదు వేపుడు. చింతచెట్లు కావలసినన్ని ఉన్నాయి కనుక పులుసుకు లోటు లేదు. కందిపప్పు, ఇంగువ మాత్రం ఇంటి నుంచి మోసుకొస్తాను. శాకాహారులు ఇంట్లో వండుకుంటే బతకవచ్చు. నలుగురిలో కలవాలనుకుంటే కష్టం, ఎందుకంటే ఇక్కడ కలవడమంటే పంది మాంసం పంచుకోవడమే.

మలేరియాను తేలిగ్గా తీసుకోకండి. జ్వరం వస్తే ఆ రోజే పుస్కెస్మస్‌కు, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి, వెళ్లి రక్తం చూపించుకోవాలి. వైవాక్స్ రకమైతే మూడు రోజులు నీలం మాత్రలు, వాటితోపాటు 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. నాలుగో రోజుకు ఒళ్లు తేలికపడగానే ప్రైమాక్విన్ మానేసి, నెలలు గడిచాక మళ్లీ మంచం పట్టినవారిని చాలామందిని చూశాను. అంతకు మించిన జబ్బు చేస్తే బాలికో, తిమోర్ దీవిలోని కుపాంగ్‌కో విమానంలో పోవలసిందే. నాకు బీపీ తప్ప మరేమీ లేదు. గుండె జబ్బో మూత్రపిండాల జబ్బో ఉన్నవారికి ఈ ఊరు వద్దనే చెబుతాను.

ఎవరింటికి వెళ్లినా మొదట వచ్చేది తాంబూలం. వక్క మనదే, సున్నం మనదే, ఆకు మాత్రం ఉండదు. తమలపాకు తీగకు కాసే వేలెడు పొడవు కాయను సున్నంలో అద్ది వక్కతో కలిపి నములుతారు. ఘాటు నేరుగా చెవుల్లోకి కొడుతుంది. వద్దంటే మర్యాద కాదు. నమలలేకపోతే తీసుకుని జేబులో పెట్టుకున్నా సరే. మీరు కూడా ఒక పొట్లం పట్టుకెళ్లాలి. ఉత్త చేతులతో వాకిట్లోకి వచ్చినవాణ్ణి నేల కొలవడానికి వచ్చినవాడిగా చూస్తారు.

ఇక అసలు విషయం, డబ్బు. ఇక్కడ ప్రతి మనిషీ ఒక కబిసుకు, అంటే వంశానికి, చెందుతాడు. పెళ్లికి వరుడి వైపువారు గుర్రాలు, గేదెలు ఇస్తే వధువు వైపు నుంచి పందులు, నేత బట్టలు తిరిగి వస్తాయి. చావుకు బంధువులంతా జంతువులను తోలుకొస్తారు. ఎవరు ఏమి తెచ్చారో గుర్తుంచుకుంటారు, ఈ మధ్య నోటుపుస్తకాల్లో రాస్తున్నారు కూడా. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం లాంటిదే, కాకపోతే బాకీ కొడుకులకూ మనవలకూ దిగుతుంది. ఒక పెద్ద దున్నపోతు ధర రెండు మూడు కోట్ల రుపియాలు, మన లెక్కలో లక్ష రూపాయల పైమాటే. నా ఇంటి యజమాని తండ్రి పోయినప్పుడు నేనొక పందిని తోలించాను. అప్పటి నుంచి నేను ఊరి లెక్కలోకి వచ్చాను. మోటారు సైకిల్ చెడిపోతే పిలవకుండానే ఎవరో ఒకరు వస్తారు. అలాగే పిలుపు రాని చావు కూడా ఉండదు. నా నెల ఖర్చులో అద్దె చాలా చిన్నది, ఈ ఇచ్చిపుచ్చుకోవడాలే పెద్దవి. "చౌకగా బతకవచ్చట కదా" అని అడిగేవారికి ఈ పద్దు ఎవరూ చెప్పరు.

భూమి కూడా ఈ లెక్కలోదే. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పరిచయస్తుడు తీరంలో స్థలం చూస్తానంటే వెంట వెళ్లాను. మధ్యవర్తి చేతిలో గ్రామపెద్ద సంతకం చేసిన కాగితం ఉంది. ఇటు చింతచెట్టు, అటు రాతి సమాధి హద్దులని చూపించాడు. మేము నిలబడి ఉండగానే ఒక ముసలావిడ వచ్చి ఆ సమాధి రాతి మీద కూర్చుని, వక్క నములుతూ, తన తాత ఈ రాయి కింద ఉన్నాడని, అమ్ముతున్నవాడిది తమ కబిసు కాదని తాపీగా చెప్పింది. "అది సర్దుకుంటుంది" అన్నాడు మధ్యవర్తి. సర్దుకోదు. 2018 ఏప్రిల్‌లో దక్షిణ తీరంలోని మరోసి దగ్గర ఒక స్థలం కొలుస్తుంటే గ్రామస్థులు అడ్డుపడ్డారు, కాల్పుల్లో ఒక మనిషి చనిపోయాడు. ఆ మాట ఇక్కడ ఇప్పటికీ ఎవరూ మరచిపోలేదు.

చట్టం కూడా కొనేవారి వైపు లేదు. 1960 నాటి మౌలిక భూ చట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్య హక్కు, ఇండోనేషియా పౌరులకే. స్థానికుడి పేరు మీద బినామీగా కొంటే ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. ఆ చట్టంలో 26వ అధికరణం ఈ మాట నేరుగానే చెబుతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు, అక్కడ గిరిజనేతరుడు ఎక్కడ నిలబడతాడో ఇక్కడ మనం అక్కడ నిలబడతాం. నివాస అనుమతి ఉన్న విదేశీయుడికి వాడుకునే హక్కు దొరుకుతుంది. 2021 నిబంధనల ప్రకారం ముందు 30 ఏళ్లు, తరువాత 20, ఆపైన మరో 30. కంపెనీ పెట్టాలంటే చాలా రంగాల్లో భూమి, భవనాల విలువ కలపకుండానే 1000 కోట్ల రుపియాలకు పైగా పెట్టుబడి చూపాలి, అంటే ఐదు కోట్ల రూపాయల పైన. నాలుగు గదుల హోమ్‌స్టే కోసం అంత ఎవరు పెడతారు? దానికి తోడు పోటు నీరు ఎక్కే గరిష్ఠ హద్దు నుంచి 100 మీటర్ల వరకు తీరపు రక్షిత పట్టీ. ఏజెంటు ఫోటోలో విల్లా కనిపించేది సరిగ్గా ఆ పట్టీలోనే.

డబ్బు పెట్టి ఫలితం చూసిన చోటు ఒక్కటే, అదీ చిన్నది. నవంబరు చివర వానలు పడేసరికి ఆరని పిక్కలు నల్లబడతాయి. కొనేటప్పుడు గుప్పెడు పిక్కలు తీసి కత్తెరతో రెండుగా కోసి చూస్తాం. పెంకులోని జీడి రసం వేళ్లను కాలుస్తుంది కనుక ముందు చేతులకు నూనె రాసుకుంటాం. పప్పు తెల్లగా నిండుగా ఉంటే ఒక ధర, మచ్చలుంటే మరొకటి. రైతులు చాలామంది పంట చెట్టు మీద ఉండగానే షావుకారుకు తాకట్టు పెట్టేస్తారు, దీన్ని ఇక్కడ ఇజోన్ అంటారు. అందుకే ఆరబెట్టేదాకా ఆగలేరు. సీజనుకు ముందు కొన్ని ఇళ్లకు టార్పాలిన్లు, కొద్దిపాటి చేబదులు ఇచ్చాను. సరుకు మెరుగుపడింది, బాకీ పిక్కల్లోనే తీరింది. దీనికి నోటరీ అక్కరలేదు. వడ్డీ లెక్క వేసేవారికి ఇది నచ్చదు.

తిరగడానికి వచ్చేవారికి చెప్పాల్సింది తక్కువే. బెంగళూరు నుంచి బాలికి నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి సుంబాలోని తంబొలాకాకు చిన్న విమానంలో గంట పైచిలుకు. భారతీయులకు దిగగానే 5 లక్షల రుపియాలకు 30 రోజుల వీసా ఇస్తారు, ఒకసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. పడవలూ ఉన్నాయి కానీ జనవరి, ఫిబ్రవరి అలలకు రద్దవుతుంటాయి. వీకురి ఉప్పునీటి కొలనులో ఈదండి, పొద్దున్నే వెళితే ఖాళీగా ఉంటుంది. రతెంగారోలో ఎత్తైన గడ్డి గోపురాల ఇళ్లు, నది సముద్రంలో కలిసే చోట పాత సమాధులు చూసి తీరాలి. అక్కడ పిల్లల నుంచి పెద్దల దాకా డబ్బు కోసం వెంటపడతారు, చిరాకు తప్పదు. స్థానికుడొకణ్ణి మాట్లాడుకుని వెళితే సగం తగ్గుతుంది. మగవారి నడుముకు కత్తి చూసి భయపడకండి, అది వేషంలో భాగం. చీకటిపడ్డాక మోటారు సైకిల్ మీద కొండదారుల్లో మాత్రం తిరగకండి, ఊరివారే తిరగరు. తూర్పు సుంబాకు వెళ్లే తీరిక ఉంటే వైంగాపు పరిసరాల్లో నేత చూడండి. నూలును ముడులు వేసి రంగులో ముంచే పని పోచంపల్లి వారికి పరిచయమే, ఎరుపు రంగు కూడా తొగరు వేరు నుంచే తీస్తారు. ఒకప్పుడు గుజరాత్ నుంచి ఓడల్లో వచ్చిన పటోలా చీరల నమూనాలు ఆ బట్టల మీద ఇంకా కనిపిస్తాయి.

పసోలా కోసం వచ్చేవారికి ఒక్క మాట. గుర్రాల మీద రెండు జట్లు కర్ర ఈటెలు విసురుకునే ఆ జాతర కోడి, లంబోయాల్లో ఫిబ్రవరిలో, వనొకాకాలో మార్చిలో జరుగుతుంది. తేదీని రాతోలు, అంటే పూజారులు, చంద్రుణ్ణీ ఒడ్డుకు కొట్టుకొచ్చే న్యాలే అనే సముద్రపు పురుగులనూ చూసి నిర్ణయిస్తారు. తిరిగి డబ్బు రాని టిక్కెట్టు ఆ నెలల్లో కొనకండి, అటూ ఇటూ వారం వదులుగా పెట్టుకోండి.