ఎండకీ వానకీ ఆగిన బైండింగ్ ఏది?

మా ఇల్లు విజయవాడలో. వేసవిలో ఇనప బీరువా తలుపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వానాకాలంలో అదే బీరువాలో కాగితం మెత్తబడిపోతుంది. అందులో అమ్మ వాడిన నిఘంటువు, వారపత్రికల్లోంచి తీసి దాచిన సీరియళ్లు, నా పాఠాల నోట్సు, పోటీ పరీక్షల గైడ్లు ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో రకం బైండింగ్. ఏళ్ల తరబడి వాడాక ఏది నిలిచిందో ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఫారాలుగా కుట్టిన పుస్తకానికి సాటి లేదు. పెద్ద కాగితం మీద 8 లేదా 16 పేజీలు అచ్చేసి మడిస్తే ఒక ఫారం. ఆ మడత మధ్యలోంచి దారం వెళ్లి పక్క ఫారంతో ముడిపడుతుంది. పుస్తకం బరువంతా దారమే మోస్తుంది, జిగురు సాయం మాత్రమే. అమ్మ నిఘంటువు అట్ట రెండుసార్లు ఊడింది గానీ లోపల ఒక్క కాగితం కదల్లేదు. బైండర్ వెన్ను మీద కొత్త గాజుగుడ్డ అంటించి, అట్ట మార్చి ఇచ్చాడు, అంతే. బల్ల మీద ఏ పేజీ దగ్గర తెరిచి వదిలినా అలాగే ఉంటుంది, చేత్తో నొక్కి పట్టుకోనక్కర్లేదు.

కొనేటప్పుడు వెన్ను పైఅంచు చూడండి. మడతలు గుత్తులుగా కనిపిస్తే ఫారాలు ఉన్నట్టే. అయితే మడతలకు గాట్లు పెట్టి, కుట్టకుండా జిగురు పోసినవీ ఉంటాయి. ఫారం నడిమి పేజీ తెరిచి, దారం కంటికి కనిపిస్తేనే నమ్మండి.

ఇప్పుడు ఎక్కువగా వచ్చేది పర్ఫెక్ట్ బైండింగ్. మడతలు కోసేసి, వెన్నును గరుకు చేసి, కాగిన హాట్‌మెల్ట్ జిగురు పూసి అట్ట తొడుగుతారు. ఒకసారి చదివి పక్కన పెట్టే నవలకు ఇది చాలు, ధరా తక్కువే. రోజూ తిప్పే గైడుకు మాత్రం పనికిరాదు. పాతబడ్డ కొద్దీ ఆ జిగురు పెళుసెక్కుతుంది. ఒకరోజు నడిమికి తెరిస్తే టప్పుమని పగులుతుంది, ఆ పగులు నుంచి పేజీలు కట్టలుగా ఊడొస్తాయి. నున్నటి ఆర్ట్ పేపరైతే మరీ తొందరగా ఊడుతుంది, ఎందుకంటే జిగురు పైపూతనే పట్టుకుంటుంది, లోపలి నారదాకా వెళ్లదు. పీయూఆర్ (పాలీయురెథేన్) జిగురు వేసిన పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, దాని సంగతి వేరు. అది గాలిలోని తేమతో గట్టిపడే రకం, పూర్తిగా ఆరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, ఆ తర్వాత కూడా వంగుతుంది. మా ఎండలకు ఇంతవరకు చెక్కుచెదరలేదు. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లు కుట్టు కుదరకపోతే ప్రెస్సులో దీని గురించి అడగాలి.

సీరియళ్లది పెద్ద కథ. విడి కాగితాలకు మడత ఉండదు కాబట్టి అంచు నుంచి కాస్త లోపలికి దబ్బనంతో బెజ్జాలు పెట్టి పక్క కుట్టు వేస్తారు. గట్టితనానికి ఢోకా లేదు. కానీ పత్రికల్లో లోపలి మార్జిన్ అసలే తక్కువ, వెన్ను పక్క కాలమ్‌లో అక్షరాలు కుట్టులోకి పోతాయి. సెంటర్ పిన్ను కొట్టిన పత్రికైతే చించకండి. పిన్నులు తీసేసి, సంచిక మొత్తాన్ని ఒక ఫారంగా కుట్టించండి. పిన్నులు ఉంచేస్తే తేమకు తుప్పు పట్టి, చుట్టూ కాగితాన్ని తినేస్తాయి.

ఇక అట్ట. రెక్సిన్ కొత్తలో నిగనిగలాడుతుంది, బంగారు అక్షరాలు కొట్టిస్తే ఇంకా బాగుంటుంది. మా బీరువాలో మాత్రం అది వేసవికి జిగటగా మారి పక్క పుస్తకానికి అతుక్కుంది, మడత దగ్గర చిట్లింది. కాలికో బట్ట వెలిసింది గానీ మడత తెగలేదు. రెక్సిన్‌కూ బంగారు అక్షరాలకూ పెట్టే డబ్బు కుట్టుకు పెట్టడమే నయం.

జిగురులో నా ఓటు మైదాకే. నీటితో తడిపితే మెత్తబడి వస్తుంది కాబట్టి, పాత పుస్తకాన్ని ఎన్నేళ్ల తర్వాతైనా విప్పి బాగుచేయొచ్చు. తెల్ల జిగురు బాగా పడుతుంది, ఆరాక కూడా వంగుతుంది. అయితే విప్పబోతే కాగితం చిరుగుతుంది. మైదాకు పురుగు పడుతుందని బైండర్లు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, ఆ గిన్నె పిల్లలకు అందకూడదు.

నోట్సుకు స్పైరల్ సరిపోతుంది. అంగుళం మందం దాటితే మాత్రం రెండు భాగాలు చేయించండి, లేదంటే సంచిలో తీగ నలిగి బెజ్జాలు చిరుగుతాయి.

ఒక్క విషయం మన బైండర్లు తరచు పట్టించుకోరు. కాగితానికీ అట్టకూ నార ఒకే వైపు నడుస్తుంది, అది వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పడితే వానాకాలానికి అట్ట వంకరపోతుంది, పేజీలు అలలు తేలతాయి. అట్టను రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే తెలిసిపోతుంది, మడత గీత నారకు సమాంతరంగా ఉన్నప్పుడు సులువుగా వంగుతుంది.

ఇప్పుడు బైండింగ్‌కు ఇచ్చే ప్రతి పుస్తకంలోనూ చీటీ పెడతాను: పిన్నులు తీయాలి, ఫారాలు కుట్టాలి, కాలికో వేయాలి, అంచులు కోయకూడదు. చివరిది మరీ ముఖ్యం, అందం కోసం కటింగ్ మెషీన్‌లో పెడితే మార్జిన్లో పెన్సిల్ రాతలన్నీ పోతాయి. ఇవన్నీ ఒప్పుకుని కుట్టే మనిషి దొరికితే నేను బేరమాడను, వారం అన్నది నెలైనా ఆగుతాను.