ఫోన్‌తో తెరుచుకునే తలుపు: బెంగళూరు పీజీలకు అమ్ముతున్న సెట్టు ఎంతవరకు పనికొస్తుంది?

మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ వైపు మనవాళ్ళు నడిపే పీజీల్లో మెయిన్ డోర్ తాళంచెవి పోయి దాని స్థానంలో యాప్ వస్తోంది. అమ్మే సెట్టు దాదాపు ఒకేలా ఉంటుంది. తలుపు బయట బ్లూటూత్ రీడర్, లోపల కంట్రోలర్, పైన 600 పౌండ్ల ఈఎం లాక్ (కరెంటుతో పనిచేసే అయస్కాంత తాళం, సుమారు 270 కిలోల పట్టు), 12 వోల్టుల పవర్ సప్లై, 7 ఏహెచ్ బ్యాటరీ, లోపలివైపు ఎగ్జిట్ స్విచ్. మా మాట ముందే చెప్పేస్తాం: ఫోన్ భాగం బాగానే ఉంది. గొడవంతా తలుపు దగ్గర, బిగించిన తీరులో.

కొనడానికి గట్టి కారణం ఒక్కటే. పీజీలో నెలనెలా ఎవరో ఒకరు ఖాళీ చేస్తుంటారు. వాళ్ళు తాళంచెవి తిరిగిచ్చినా, మారు తాళంచెవి చేయించుకున్నారో లేదో ఎవరికీ తెలియదు. ఇక్కడైతే అడ్మిన్ యాప్‌లో పేరు తీసేస్తే చాలు. ఈ సౌకర్యం కోసమైతే డబ్బు పెట్టొచ్చు. అంతేగానీ "జేబులోంచి ఫోన్ తీయక్కర్లేదు, దగ్గరికి రాగానే అదే తెరుచుకుంటుంది" అన్న మాట విని మాత్రం కొనకండి.

ఆ హ్యాండ్స్‌ఫ్రీ మోడ్ ఫోన్ ఎంత దూరంలో ఉందో బ్లూటూత్ సిగ్నల్ బలాన్ని బట్టి అంచనా వేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మనిషి ఒళ్ళు బాగా పీల్చేస్తుంది. అందుకే ఫోన్ వెనక జేబులో ఉంటే రీడర్ ఎదురుగా నిలబడినా తలుపు కదలదు, చేతిలో ఉంటే నాలుగు మీటర్ల దూరం నుంచే తెరుచుకుంటుంది. పీజీల్లో ఇంకో తంటా ఉంది. రీడర్ బిగించిన గోడకి అవతలే మంచం ఉంటే, దిండు పక్కన పెట్టిన ఫోన్‌ని రీడర్ గోడలోంచే పసిగడుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడైతే కొంత ఆపుతుంది, జిప్సమ్ బోర్డు పార్టిషన్ అయితే అసలు ఆపదు. అప్పుడు తలుపు రాత్రంతా టక్‌టక్‌మని తెరుచుకుంటూనే ఉంటుంది. దీనికితోడు, మధ్యలో రెండు పరికరాలు పెట్టి దూరంగా ఉన్న ఫోన్ దగ్గరే ఉన్నట్టు తాళాన్ని నమ్మించవచ్చని ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ భద్రతా సంస్థ 2022లోనే చేసి చూపించింది. కాబట్టి ఆ మోడ్ ఆపేసి, యాప్‌లో బటన్ నొక్కితేనో ఫోన్‌ని రీడర్‌కి ఆనిస్తేనో తెరుచుకునేలా పెట్టించండి. రేంజ్ అర మీటరుకి తగ్గించమనండి.

ఆనించి తెరవడానికి ఎన్‌ఎఫ్‌సీ (బాగా దగ్గరగా పెడితేనే పనిచేసే రేడియో) ఇంకా మేలు. నాలుగు సెంటీమీటర్లు దాటితే పనిచేయదు, అదే దాని బలం. కానీ తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఎన్‌ఎఫ్‌సీ ఉండదు. ఐఫోన్ వాలెట్‌లో కీ పెట్టాలంటే తాళం కంపెనీకి ఆపిల్‌తో ఒప్పందం ఉండాలి. అందుకే పీజీకి చివరికి బ్లూటూతే దిక్కు.

డెమోకి వచ్చినవాళ్ళతో రెండు పరీక్షలు చేయించండి. మొదటిది, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసి తలుపు తెరవమనండి. రెండోది, రౌటర్ ప్లగ్ పీకి మళ్ళీ తెరవమనండి. రెండుసార్లూ తెరుచుకుంటే కీ ఫోన్‌లోనే ఉంది, దాన్ని సరిచూసే పని తలుపు దగ్గరే జరుగుతోంది. తెరుచుకోకపోతే మీ ఆజ్ఞ ఎక్కడో ఉన్న సర్వర్‌దాకా వెళ్ళొస్తోందని అర్థం. బ్రాడ్‌బ్యాండ్ పోయిన రాత్రి అందరూ మెట్ల మీదే కూర్చోవాలి. అయితే ఆఫ్‌లైన్‌లో పనిచేసే తలుపుకీ ఒక మెలిక ఉంది. ఖాళీ చేసినవాళ్ళ పేరు మీరు తీసేసినా, ఆ కబురు తలుపుకి అందేదాకా, లేదా కీ గడువు తీరేదాకా పాత ఫోన్ పనిచేస్తూనే ఉంటుంది. ఆ గడువు ఎన్ని గంటలో అడిగి, కొటేషన్‌లో రాయించుకోండి. తలుపుకి అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తెరిచే రకాన్ని మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. ఆ కోడ్ ఫొటో ఉన్నవాళ్ళు ఊళ్ళో కూర్చుని కూడా ఇక్కడి తలుపు తీయగలరు.

"యాప్ పనిచేయట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఫోన్ సెట్టింగులవే. ఆండ్రాయిడ్ 12, ఆపై వెర్షన్లలో "నియర్‌బై డివైసెస్" పర్మిషన్ ఇవ్వాలి. 11, అంతకు ముందువాటిలో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు బ్యాటరీ మిగల్చాలని యాప్‌ని వెనక నుంచి ఆపేస్తాయి. యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి బ్యాటరీని "నో రెస్ట్రిక్షన్స్"కి మార్చి, ఆటోస్టార్ట్ ఇవ్వాలి. ఐఫోన్‌లో యాప్‌ని పైకి తోసి మూసేసే అలవాటు ఉన్నవాళ్ళకి వెనక నుంచి బ్లూటూత్ పనిచేయదు. కాంటాక్ట్స్ పర్మిషన్ ఎందుకడుగుతారో మాత్రం మాకు అంతుబట్టలేదు, తలుపు తీయడానికి దానితో పనిలేదు.

ఇక అసలు సంగతి, బిగింపు. ఈఎం లాక్‌కి ఎదురుగా తలుపు మీద ఉండే ఇనుప పలకని బిగుతుగా బోల్టు చేసేస్తుంటారు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. ఆ పలక వెనక నడిమి బోల్టుకి రబ్బరు వాషర్ వేసి, వేలితో నొక్కితే కాస్త ఊగేంత వదులు ఉంచాలి. అప్పుడే అది అయస్కాంతం మీద సమంగా కూర్చుంటుంది. సందులో కాగితమంత ఖాళీ ఉన్నా గట్టిగా గుంజితే తలుపు వచ్చేస్తుంది. లాక్, పలక బిగించడానికి తలుపు లోపలికి తెరుచుకునేదైతే జెడ్ఎల్ బ్రాకెట్, ఫ్రేమ్ లేని గాజు తలుపైతే యూ బ్రాకెట్ వాడాలి.

తర్వాత వైరు. లాక్ సుమారు అర ఆంపియర్ లాగుతుంది. మిగిలిపోయిన క్యాట్6 (నెట్‌వర్క్) వైరులో ఒక్క జత మీద 20 మీటర్లు నడిపితే దారిలోనే దాదాపు ఒకటిన్నర వోల్టు పోతుంది, లాక్‌కి అందేది పదిన్నర. తలుపు మూసి ఉండగా లాక్ టెర్మినల్స్ దగ్గరే మల్టీమీటర్ పెట్టి చూడమనండి. పన్నెండుకి దగ్గరగా లేకపోతే ఒక చదరపు మిల్లీమీటర్ వైరు వేయించండి. లాక్ రెండు టెర్మినల్స్ మధ్య 1ఎన్4007 డయోడ్ పెట్టారో లేదో కూడా చూడండి. కొన్ని లాక్‌లకి అది లోపలే ఉంటుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో చిల్లర డబ్బులకి దొరికే వస్తువది. అది లేకపోతే లాక్ ఆగిన ప్రతిసారీ వచ్చే వోల్టేజీ దెబ్బకి కంట్రోలర్‌లోని రిలే (లాక్ కరెంటుని కలిపే, తెంచే స్విచ్) కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. ఆ తర్వాత తలుపు అసలు తెరుచుకోదు, లేదా అసలు మూసుకోదు.

రిలే రీడర్‌లోనే ఉండే చౌక రకం కూడా వస్తోంది. బయట రెండు స్క్రూలు విప్పి, లాక్‌కి వెళ్ళే వైరు తెంచితే చాలు, దానికి ఫోనూ అక్కర్లేదు, యాపూ అక్కర్లేదు. కంట్రోలర్, పవర్ సప్లై రెండూ లోపలే ఉండాలి.

లాక్‌కి కరెంటు అందడం ఆగితే ఈఎం లాక్ వదిలేస్తుంది. నిప్పంటుకున్నప్పుడు ప్రాణాలు కాపాడేది ఆ గుణమే. దాన్ని తప్పించడానికి ఎవరూ లోపల గడియలు బిగించకూడదు. లోపలివైపు ఎగ్జిట్ స్విచ్‌తో పాటు, లాక్ కరెంటుని నేరుగా తెంచేసే ఆకుపచ్చ ఎమర్జెన్సీ రిలీజ్ కూడా ఉండాలి. ఎగ్జిట్ స్విచ్ ఒక్కటే ఉంటే అది కంట్రోలర్ మీద ఆధారపడుతుంది, కంట్రోలర్ హ్యాంగ్ అయితే లోపలివాళ్ళు లోపలే. లాక్, రీడర్, కంట్రోలర్ కలిపి ముప్పావు ఆంపియర్ అనుకుంటే 7 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద తొమ్మిది గంటలు, నిజంగా ఆరు గంటలు వస్తుంది. రెండు మూడేళ్ళకోసారి మార్చాలి.

ఫోన్ చార్జ్ అయిపోయినవాళ్ళకి, వంటమనిషికి కార్డులు ఇస్తారు. అవి 125 కిలోహెర్ట్జ్ కార్డులైతే నిమిషంలో కాపీ కొట్టేయొచ్చు, ఫోన్‌లో ఎంత గట్టి కీ ఉన్నా అంతా వృథా. 13.56 మెగాహెర్ట్జ్‌లో కూడా పాత మైఫేర్ క్లాసిక్ రకం కార్డుల రక్షణ 2008లోనే బద్దలైంది. వాటికంటే గట్టి రక్షణ ఉన్న డెస్‌ఫైర్ కార్డులు అడగండి, 125 చదవడాన్ని రీడర్‌లో ఆపించండి.

చాలామంది చూడనిది ఇంకోటి ఉంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు తొందరలో మాస్టర్ అకౌంట్‌ని తన ఫోన్ నంబరు మీదే తెరిచేస్తాడు. అతను ఉద్యోగం మారిపోయాక మీ తలుపుకి అసలు యజమాని అతనే. మిగతా బాకీ ఇచ్చేముందు అడ్మిన్ లాగిన్ మీ నంబరుకి ఓటీపీతో మార్పించుకోండి. యూజర్ల జాబితాలో టెక్నీషియన్ టెస్టింగ్ కోసం పెట్టుకున్న పేర్లు తీయించండి. యాప్ చందా తలకి ఇంతా, తలుపుకి ఇంతా, కట్టడం ఆపేస్తే ఉన్న కీలు పనిచేస్తాయా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.