నారానాగ్‌లో ఆవకాయ జరిమానా

కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ చివరి రోజున మా డిపాజిట్‌లోంచి 1,500 రూపాయలు కోసేసుకున్నారు. కారణం ఆవకాయ. డబ్బు పోయినందుకు కాదు, పోయిన తీరుకి ఇంకా మండుతోంది, అందుకే రాస్తున్నాను.

వెళ్లింది ముగ్గురం. నేను, మా బావ, బావ కూతురు. సోనమర్గ్ నుంచి నారానాగ్ దాకా సుమారు 70 కిలోమీటర్లు, ఆరు రోజులు. తలకి 15,500. తిండి, టెంట్లు, చివర శ్రీనగర్ దాకా బండి అన్నీ అందులోనే అన్నాడు ఏజెంటు. స్లీపింగ్ బ్యాగులకి మాత్రం తలా 2,000 డిపాజిట్. మొదటి ఐదు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సరస్సులు ఫొటోల్లో కన్నా బాగున్నాయి, గడ్‌సర్ కనుమ ఎక్కుతుంటే ఊపిరి అందలేదు, వంటవాడు మంచివాడు. అంతే.

ఆరో రోజు పొద్దున హర్‌ముఖ్ పర్వతం కింద, నంద్‌కోల్ సరస్సు ఒడ్డున లేచాం. 5,142 మీటర్ల కొండ అది. ఎండ పడేసరికి దాని మంచు అంతా నీళ్లలో కనిపించింది. పక్కనే గంగాబల్ సరస్సు. కాశ్మీరీ పండితులు అస్థికలు కలిపే చోటు. బావ అక్కడ కాసేపు చెప్పులు విడిచి నిలబడ్డాడు, మాట్లాడలేదు. అప్పటికే ఆయన మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అందుకని బ్యాగు గుర్రం మీద వేయించాం, 800 తీసుకున్నారు. ఇవ్వాల్సిందే. ఐదు రోజులు పంతానికి మోసిన మనిషి ఆరో రోజు పంతం వదిలేస్తే ఎవరూ నవ్వరు. (మా మేనకోడలు నవ్వింది. సాయంత్రం దాకా తండ్రీ కూతుళ్లకి మాటల్లేవు.)

ట్రెక్ అంటే అందరూ ఎక్కడం గురించే భయపడతారు. నన్నడిగితే ఈ దారిలో ఆఖరి రోజు దిగడమే కష్టం. ఒక్క రోజులో 1,200 మీటర్ల పైచిలుకు దిగాలి. ముందు పచ్చిక మైదానాలు, తర్వాత పైన్ అడవి, ఆ అడవిలో కాలు పెడితే జారిపోయే రాళ్లు. బొటనవేలు బూటు ముందు భాగానికి అడుగడుక్కీ కొట్టుకుంటుంది. వెళ్లే ముందు గోళ్లు బాగా కత్తిరించుకోండి, దిగేటప్పుడు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకోండి, కర్ర కాస్త పొడుగు పెంచుకోండి. నేను ఇవేమీ చేయలేదు. రెండు గోళ్లు నల్లబడ్డాయి.

మధ్యలో త్రుంఖోల్ మైదానంలో పశువులు మేపుకునే గుజ్జర్ల ఇళ్లున్నాయి. దుంగలు పేర్చి పైన మట్టి కప్పినవి, కప్పు మీద గడ్డి మొలిచినవి. ఒక ఇంటి ముందు పెద్దావిడ మొక్కజొన్న రొట్టెలు కాలుస్తోంది. అడిగితే కూర్చోమంది. రొట్టె 40, ఉప్పు వేసిన గులాబీ రంగు టీ 20. ఆ టీ మొదటి గుక్క బావకి ఎక్కలేదు. "టీ అనుకోకు బావా, వేడి మజ్జిగ అనుకుని తాగు" అన్నాను. రెండో కప్పు ఆయనే అడిగాడు! అప్పుడు మేనకోడలు బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసింది. మూత సరిగా బిగియక రెండో రోజే సగం కారిపోయిన సీసా. వేడి మొక్కజొన్న రొట్టెలో ఆవకాయ ముక్క! ఆరు రోజుల పప్పు, క్యాబేజీ తర్వాత అది ఎలా ఉందో చెప్పలేను. పెద్దావిడ మనవడికి కొంచెం పెడితే కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ చెయ్యి చాపాడు. మిగిలిందంతా సీసాతో సహా వాళ్లకే ఇచ్చేశాం. మొత్తం 260 అయింది. ఈ ట్రిప్‌లో నేను మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు అదే.

మూడున్నరకి నారానాగ్ చేరాం. కాళ్లు వణుకుతున్నాయి, నీళ్లు అయిపోయాయి. సరిగ్గా అప్పుడే ఏజెంటు తాలూకు మనిషి లెక్క తెరిచాడు. ఒక స్లీపింగ్ బ్యాగు మీద నూనె మరక ఉందట, 1,500 పట్టుకుంటాడట. ఆ బ్యాగుకి జిప్పు పనిచేయదు. బావ పిన్నీసులు పెట్టుకుని ఐదు రాత్రులు వణికాడు. అడుగు దగ్గర కుట్లు ఊడి లోపలి దూది బయటికి వస్తోంది. అవన్నీ చూపిస్తే, "అదీ మీరే చేశారు" అన్నాడు. ఇచ్చేటప్పుడు ఎలా ఉందో రుజువు మా దగ్గర లేదు. ఆవకాయ కారిన మాట నిజం, నేను కాదనను. కానీ కారింది మేనకోడలి బ్యాగులో, బావ స్లీపింగ్ బ్యాగు మీద కాదని మా గట్టి నమ్మకం. పదిహేను నిమిషాలు వాదించి ఓడిపోయాం.

బండీ రాలేదు. ఏజెంటుకి ఫోన్ చేద్దామంటే నాదీ, మేనకోడలిదీ ప్రీపెయిడ్. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు. బావది పోస్ట్‌పెయిడ్. "ముసలాళ్ల ప్లాన్" అని దారంతా ఏడిపించిన అదే ఫోన్! దాంతో చేస్తే అవతల నుంచి, "షేరింగ్ బండి పొద్దున వెళ్లిపోయింది, మీరు లేటు" అని జవాబు. చివరికి ఊళ్లోనే టాక్సీ మాట్లాడుకున్నాం. 4,000 అడిగాడు, 3,200కి ఒప్పుకున్నాడు. డ్రైవరు మర్యాదస్తుడు. మా ముఖాలు చూసి, తినేసి రండి, ఆగుతాను అన్నాడు. రాజ్మా అన్నం ప్లేటు 120, ఘాటు లేదు గానీ వేడిగా ఉంది.

తిన్నాక గుడి దగ్గరికి వెళ్లాం. ఎనిమిదో శతాబ్దంలో లలితాదిత్యుడి కాలానివని చెప్పే రాతి శివాలయాలు, ఊట నీటి కోనేరు. చాలామంది ట్రెక్కర్లు బ్యాగులు బండి మీద వేసుకుని వీటిని చూడకుండానే వెళ్లిపోతారు. తప్పు. అరగంట ఇవ్వండి. కోపంగా ఉంటే తప్పకుండా ఇవ్వండి. అక్కడే తండ్రీ కూతుళ్లు మళ్లీ మాట్లాడుకున్నారు.

మీరు వెళ్తే మొదటి రోజే అద్దె సామాను ప్రతిదీ ఫొటో తీసి ఏజెంటుకి పంపండి. బండి నంబరు రాయించుకోండి. ఆధార్ ఒరిజినల్ ఉంచుకోండి, దారిలో సైన్యం వాళ్లు చూస్తారు.

హైదరాబాద్ వచ్చిన నాలుగో రోజు మేనకోడలు ఒక ఫొటో పంపింది. సోనమర్గ్‌లో మొదటి సాయంత్రం ముగ్గురం తీసుకున్న సెల్ఫీ. మా వెనక టెంట్‌లో పరిచిన స్లీపింగ్ బ్యాగు మీద అరచేయంత మరక, అప్పటికి ఆవకాయ సీసా సీలు కూడా తీయలేదు. ఏజెంటుకి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇవాళ్టికి పదకొండు రోజులు.