గ్లాంజాకు టయోటా పార్టా, మారుతి పార్టా?

నల్గొండ వైపు టయోటా గ్లాంజా కారు నడిపేవాళ్లకు చెప్తున్నా, 2019లో వచ్చిన ఆ బండి లోపలంతా మారుతి బలెనోనే, కాబట్టి ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్ల కోసం టయోటా షోరూమ్ దాకా పోనక్కర్లేదు, మిర్యాలగూడలో మారుతి స్పేర్లు అమ్మే షాపులో అడిగినా సరిపోతుంది. రెండు చోట్లా రేటు కనుక్కోండి. వారంటీ ఉన్నంతకాలం మాత్రం టయోటా బిల్లే మేలు. ముందు గ్రిల్ వేరు, అది కుదరదు.

పాత డీజిల్ ఫియట్ పుంటో ఉన్నవాళ్లకైతే ఈ దారి ఇంకా అవసరం. ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది, కానీ అదే 1.3 లీటర్ల ఇంజన్ పాత డీజిల్ మారుతి స్విఫ్ట్‌లోనూ ఉండేది, మహబూబ్‌నగర్‌లో ఏ మెకానిక్‌కైనా అది చేతికి అలవాటైన ఇంజనే. అయితే 75, 90 హార్స్‌పవర్ రకాలకు టర్బోలు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగాలు) వేరు, పాత పార్టు మీది నంబరు కలిస్తేనే డబ్బు కట్టండి.