మోటార్‌హోమ్‌లో ఆరేళ్ల కాపురం: బండి తట్టుకుంది, ఇల్లే అలిసింది

మా మోటార్‌హోమ్ (మంచమూ వంటగదీ ఉన్న, ఇల్లులాంటి బండి) పొడవు ఏడు మీటర్లు. డీజిల్ ఇంజను, వెనుక జంట చక్రాలు, చెక్క చట్రానికి ప్లైవుడ్, దాని మీద ఫైబర్‌గ్లాస్ రేకు అతికించి కట్టిన గోడలు దీని స్వరూపం. నాలుగేళ్లు వాడిన బండిని కొన్నాం. ఆ తర్వాత ఆరేళ్లుగా నేనూ మా ఆవిడా ఇందులోనే ఉంటున్నాం, మాకు మరో ఇల్లు లేదు. సెలవుల్లో నెల రోజులు తిరిగివచ్చి రాసే సమీక్షతో దీన్ని పోల్చవద్దని మనవి, ఎందుకంటే ఏడాదికి ముప్పై రోజులు తిప్పే కుళాయీ రోజూ పదిసార్లు తిప్పే కుళాయీ ఒక్క తీరుగా అరగవు.

కొనేటప్పుడు ఇంజనును చూసి భయపడ్డాం, లోపలి అలంకరణను చూసి మురిసిపోయాం. రెండూ పొరపాటే. వేళకు ఆయిలూ ఫిల్టర్లూ మార్చి, రెండేళ్లకోసారి బ్రేకు ఫ్లూయిడ్ కొత్తది పోయిస్తూ వచ్చినందుకు ఇంజనూ బ్రేకులూ మమ్మల్ని ఒక్కసారి కూడా దారిలో నిలబెట్టలేదు. నేను రాసుకునే మరమ్మతుల పుస్తకంలో పేజీలకు పేజీలు ఇంటి పనులతోనే నిండాయి. కదలని ఇంటికి భూకంపం ఎప్పుడో గాని రాదు. ఈ ఇంటికి ప్రయాణం చేసిన ప్రతిరోజూ వస్తుంది. స్క్రూలు వదులవుతాయి, అలమార తలుపులు పక్కకు ఒరుగుతాయి, ఎండకు రేకు ఒక కొలతలోనూ చెక్క మరో కొలతలోనూ వ్యాకోచించి వాటి మధ్య సందును మూసే సీలెంట్‌ను లాగి లాగి చీలుస్తాయి.

ఆ చీలికే మాకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది. రెండో ఏడు వానల్లో మంచం తలవైపు మూలన, గోడకు అంటించిన కాగితం మీద గోరంత మరక కనిపించింది. తుడిస్తే పోలేదు. బొటనవేలితో నొక్కి చూస్తే గోడ తడిసిన అట్టలా లోపలికి దిగిపోయింది. కాగితం ఒలిచి చూసేసరికి ప్లైవుడ్ నల్లబడి ఉంది, చెంచాతో గీకితే పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. నీరు దిగిన చోటు మాత్రం ఆ మూలకు పైన లేదు. అక్కడికి దాదాపు రెండు మీటర్ల ముందు, పైకప్పు మీది గాలిమూత అంచున వెంట్రుకవాసి పగులు నుంచి దిగిన నీరు చట్రం కర్రల వెంట పాకుతూ వచ్చి మా తలల దగ్గర బయటపడింది. వాన వెలిసిన గంటకు కూడా చుక్కలు పడుతుంటే, "వాన ఆగిపోయింది కదండీ, ఇంకా ఇదెక్కడి నీరు?" అని మా ఆవిడ అడిగింది. చట్రంలో నిలిచిన నీరే అదని తేలడానికి మూడు రోజులు పట్టింది.

పాత యజమాని ఆ పగులును మామూలు సిలికాన్‌తో పూడ్చి చేతులు దులుపుకున్నాడు. ఒకసారి సిలికాన్ పూసిన చోట మరే సీలెంటూ పట్టదు, కొత్త సిలికాన్ కూడా సరిగా అంటుకోదు. దాన్ని ప్లాస్టిక్ గోకుడు ముక్కతో ఆనవాలు లేకుండా తీయడానికే నాకు రెండు రోజులు పట్టింది. తర్వాత మూత అంచు కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) పరచి, స్క్రూలు బిగించి, వాటి తలలు కనబడకుండా పైకప్పుకు వాడే సీలెంట్ పోశాను. బ్యూటైల్ ఏళ్ల తరబడి గట్టిపడదు, బండి ఊగితే తానూ సాగుతుంది, అందుకే దాన్ని కింద వేస్తారు. కుళ్లిన గోడను కోసి, చట్రం కర్రలు ఎండేదాకా మూడు వారాలు అలాగే తెరిచి ఉంచి, ఆ రోజులన్నీ మేము కూర్చునే బల్లల మీదే పడుకున్నాం. అప్పటి నుంచి మూడు నెలలకోసారి పైకప్పు ఎక్కి ప్రతి అతుకునూ వేలితో తడిమి చూస్తున్నాను. లోపల మూలమూలనా తేమ మీటరు పెట్టి అంకె రాసుకుంటున్నాను. 20 శాతం దాటిన మూల ఏదైనా ఉంటే ఆ వారం ప్రయాణం మానేసి దాని సంగతే చూస్తాను.

కరెంటు విషయంలో తప్పు బండిది కాదు, నాది. బండితో వచ్చిన 100 ఆంపియర్-అవర్ లెడ్-యాసిడ్ బ్యాటరీలు రెంటినీ రెండేళ్లలోనే పాడుచేశాను. ఆ రకం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. కాసేపు వాడకుండా ఉంచి కొలిస్తే 12.1 వోల్టుల దరిదాపుల్లో ఉందంటే సగం అయిపోయినట్టే. నేను దీపాలు వెలుగుతున్నాయి గదా అని 11.5 దాకా లాగించేవాణ్ని. వాటి స్థానంలో పెట్టిన 200 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ నాలుగేళ్లుగా బాగా పనిచేస్తోంది. అయితే గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల కింద, దానికి చార్జింగ్ ఎక్కించకూడదు. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు నేరుగా తగిలించినా ఆ బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ను వేడెక్కించి కాల్చేయవచ్చు, కాబట్టి మధ్యలో ఆ కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ చార్జర్ తప్పనిసరి.

ఇంకో సంగతి. పంపు తిరిగినప్పుడల్లా దీపాలు మసకబారుతుంటే ఏడాదిపాటు బ్యాటరీని తిట్టుకున్నాను. చివరికి చూస్తే చట్రానికి ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. 12 వోల్టుల వైరింగ్‌లో 100 వాట్ల పరికరానికే ఎనిమిది ఆంపియర్ల పైచిలుకు పారుతుంది గనుక వదులైన ఒక్క అతుకు దగ్గర వోల్టు పోయినా తేడా కంటికి తెలుస్తుంది, అతుకు చేతికి వేడిగా తగులుతుంది. ఉప్పుకాగితంతో బోల్టు కింద లోహం మెరిసేలా రుద్ది బిగించడానికి పది నిమిషాలు పట్టింది.

నీటి పంపు ఒక రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ఉండగా నలభై నిమిషాలకోసారి "టక్‌"మని తిరిగి ఆగడం మొదలుపెట్టింది. గొట్టాల్లో ఒత్తిడి తగ్గితేనే పంపు తనంతట తాను తిరుగుతుంది, అంటే ఎక్కడో నీరు పోతోంది. టార్చి పట్టుకుని సింకు కింద, స్నానాల గది వెనుక, వేడినీటి ట్యాంకు దగ్గర ప్రతి అతుకుకీ పొడి కాగితం చుట్టి పడుకున్నాను. తెల్లవారి లేచి చూస్తే వేడినీటి ట్యాంకు బిగింపు దగ్గరి కాగితం ఒక్కటే తడిసింది. రబ్బరు వాషర్ మార్చాను. అప్పుడే ఆ ట్యాంకులోని యానోడ్ కడ్డీ కూడా విప్పి చూస్తే చాలావరకు కరిగి లోపలి తీగ బయటపడి ఉంది. ఉక్కు ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడమే ఆ కడ్డీ పని. దాన్ని మరిచిపోతే తర్వాత కరిగేది ట్యాంకే.

మరుగుదొడ్డి ట్యాంకు గురించి ఎవరూ వివరంగా రాయరు, నేనూ రాయను. నీళ్లు ధారాళంగా పోయండి, ట్యాంకు దాదాపు నిండేదాకా దాన్ని ఖాళీ చేసే వాల్వ్ తెరవకండి. తెరిచి ఉంచితే నీరు పోయి తక్కినది గుట్టపడుతుంది. ఎంత నిండిందో చూపే సూచికను నమ్మకండి.

గ్యాసు మీద నడిచే ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు, అమోనియా ద్రావణం వేడికి మరిగి తిరిగి దిగుతూ చల్లదనాన్ని ఇస్తుంది. బండి ఒరిగి నిలిచి ఉన్నప్పుడు వాడితే ద్రావణం ఒకచోట ఆగి, గొట్టం అతిగా వేడెక్కి, మూసుకుపోతుంది. నేను ప్రతి మజిలీలోనూ రసమట్టం పెట్టి చూసుకున్నా అయిదో ఏట వెనుక భాగంలో పసుపుపచ్చ పొడీ ఘాటైన వాసనా వచ్చాయి. అవి కనిపించాక బాగుచేయడానికి ఏమీ మిగలదు. ఇప్పుడు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకున్నాం. మొదటే పెట్టుకోవలసింది.

వీటన్నిటికంటే నన్ను విసిగించింది వర్క్‌షాపులతో వ్యవహారం. మామూలు మెకానిక్ ఇంజను చూస్తాడు గాని గోడల జోలికి రాడు, ఇల్లు చూసేవాళ్లు వారాల తర్వాత రమ్మంటారు, వచ్చాక బండి వదిలి వెళ్లమంటారు. మా మంచమూ వంటగదీ అందులోనే ఉన్నాయని చెబితే ఒక వర్క్‌షాపు మేనేజరు నవ్వి ఊరుకున్నాడు. ఆ పది రోజులూ అద్దె గదిలో గడిపాం, తిరిగొచ్చి చూస్తే వాళ్లు బిగించిన తలుపు రబ్బరు తలకిందులుగా ఉంది. ఆ రోజు నుంచి ఇంటి పని ఏదీ బయటివాళ్లకు ఇవ్వలేదు. మల్టీమీటరు, బ్యూటైల్ టేపు, రెండు రకాల సీలెంటు, విడి పంపు, ఫ్యూజులు, వాషర్లు మంచం కింద పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి.

టైర్ల మాట ఒకటి. వీటి గాడులు అరగకముందే వయసు మీరుతుంది. పక్కన ఉండే నాలుగంకెల్లో 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. మావి పైకి కొత్తవాటిలా ఉన్నా ఏడేళ్లు నిండగానే ఆరూ మార్చేశాను. లోపలి జంట చక్రానికి గాలి చూడడం కష్టమని బద్ధకించేవాళ్లు వాల్వ్‌కు పొడుగు గొట్టం తగిలించుకోవడం మేలు.

చేతులకు మట్టి అంటడం ఇష్టంలేనివారికి ఈ బండిని పూర్తికాలపు ఇల్లుగా సిఫారసు చేయను. ఇష్టమున్నవారు చూడడానికి వెళ్లినప్పుడు ఇంజను మూత తెరవకముందు పరుపు ఎత్తి మూలలు నొక్కి చూడండి, పైకప్పు మీద తెల్లగా మెరిసే సిలికాన్ గీత కనబడితే ఆ బేరం వదిలేయండి. నా మీటరు నిన్న వెనుక కిటికీ కింద 18 చూపింది. రేపు ఎండ కాస్తే ఆ ఫ్రేము విప్పాలి.