ఆంత్రోపాలజీ పీజీకి కోరాపుట్టా, హైదరాబాదా?

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు మన తెలుగిళ్ల పిల్లలు కొందరు డిగ్రీ అయ్యాక అడవి, భూమి, హక్కుల గురించి చదువుతామంటున్నారు. నాకు చాలా సంతోషం. కోరాపుట్ జిల్లా సునాబెడాలోని ఒడిశా సెంట్రల్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) పీజీ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఉంది. రెండింటికీ దారి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షే. నన్నడిగితే పీజీకి కోరాపుట్, పీహెచ్‌డీకి హైదరాబాద్ అంటాను.

ఎందుకంటే ఈ చదువులో సగం ఊళ్లో ఉంటుంది. బుధవారం రాయగడ జిల్లా చాటికోన సంతకు నియమగిరి కొండల గిరిజనులు డొంగ్రియా కొంధులు పసుపు, అల్లం, అనాస, పనస దింపుతారు. ధర ఎవరు చెబుతున్నారు, తూకం ఎవరి చేతిలో ఉంది, పాత బాకీ కింద ఎంత పోతోంది? ఒక్క సంత చూస్తే ఇవి తెలియవు. పోడు కొట్టే ఎండల్లో, గింజలు అయిపోయే వానల్లో, కోతలప్పుడు మళ్లీ మళ్లీ పోవాలి. నేను దూరపు నగరంలో చదివాను. ఫీల్డ్‌వర్క్‌కి దొరికినవి కొన్ని వారాలు, అవీ ఎండాకాలంలో. పగలు ఊరంతా కొండమీదే ఉండేది. నా థీసిస్‌లో వానాకాలం అన్నదే లేదు. ఆ లోటు ఇప్పటికీ బాధిస్తుంది.

భాష సంగతీ ఉంది. కొంధుల భాష కువి, మన తెలుగు రెండూ దక్షిణ-మధ్య ద్రావిడ శాఖవే. కాస్త ఓపిక పడితే మన చెవికి కువి త్వరగా పట్టుబడుతుంది. ఇది చిన్న విషయం కాదు. గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, నియమగిరి బాక్సైట్ గని మీద 12 పల్లెల్లో గ్రామసభలు జరిగాయి. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5. పన్నెండూ గని వద్దన్నాయి. కొండ తమ దేవుడు నియమరాజుది అని కొంధులు అన్నప్పుడు అందులో దేవుడున్నాడు, నీళ్లున్నాయి, పోడుంది, ఊరి కట్టుబాటుంది. దాన్ని ఇంకో భాషలో వింటే దేవుడొక్కడే మిగిలే ప్రమాదం ఉంది.

అయితే హైదరాబాద్ ఇచ్చేది కూడా తక్కువ కాదు. లైబ్రరీ పెద్దది, సీనియర్లు ఎక్కువ, రకరకాల కులాల, ప్రాంతాల పిల్లలతో రాత్రి దాకా వాదన నడుస్తుంది. ఈ కొండల్లో మన తెలుగువాళ్లను చాలామంది షావుకార్లుగానే చూస్తారన్న సంగతి నాకు ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ తట్టలేదు, నగరంలో ఒక స్నేహితురాలు అడిగాకే తట్టింది. కొంధుల ఊళ్లోనే ఉండే డోంబు అనే దళిత కులం కుటుంబాల గురించి ఆలోచించడం మొదలుపెట్టింది కూడా అక్కడే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు కానివాళ్లు 2005 డిసెంబరు 13కు ముందు 75 ఏళ్లుగా అడవిని నమ్ముకుని ఉన్నట్టు చూపాలి. భూమి కాగితమే ఎరగని దళిత కుటుంబం అంత పాత రుజువు ఎక్కడి నుంచి తెస్తుంది? సామాజిక న్యాయం చదవాలంటే ఈ ప్రశ్నను దాటి పోలేం.

ఇక విదేశం. బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదిలో అయిపోతుంది, కానీ బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 2022 మార్గదర్శకాల్లోనైతే భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చదువులను పక్కన పెట్టేశారు. ఎవరికి ఈ చదువు ఎక్కువ అవసరమో వాళ్లకే తలుపు మూయడం నాకు చాలా అన్యాయంగా అనిపించింది. డిగ్రీ అయిన వెంటనే ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

ఉద్యోగాల విషయంలో రెండు చోట్లా పెద్ద తేడా లేదు. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయాలి, లేదా సంస్థల్లో ప్రాజెక్టులు చూసుకోవాలి.

కోరాపుట్‌లో చేరితే మొదటి సెమిస్టర్ నుంచే కువి మొదలుపెట్టండి. ఒకే ఊరు ఎంచుకుని రెండేళ్లూ అక్కడికే పోండి. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి లైబ్రరీలో నెల రోజులు కూర్చోవచ్చు. హైదరాబాద్ నుంచి సెలవులకు వచ్చి పోడు ఏడాదంతా చూడటం మాత్రం కుదరదు.